సుంకులమ్మ సీదా, ఉల్టా పాఠం

కరోనా తగ్గిన మరుసటి వేసవి. బేతంచెర్లలో నా వీడియో స్టూడియో. పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీసి తీసి, తలంబ్రాలు కనపడకపోతే నా కెమెరా దానంతటదే ఆగిపోయే స్థితికి వచ్చింది. బయట ఎండకు నాపరాళ్లు పెనాల్లా కాలుతుంటే, సుంకులమ్మ ఉన్ని ఉండలు సంచిలో వేసుకుని వచ్చింది. వాటిని చూడగానే నా చొక్కా మొత్తం చెమటతో తడిసింది.

ఆవిడ రెండు సూదులతో పసిబిడ్డల టోపీలు అల్లుతుంది. రాళ్ల పని చేయలేని ఆడవాళ్లకు ఆ విద్య నేర్పుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం వీడియో తీయమంది.

"తొందరేముందమ్మా, ఎండలు పోనీ," అన్నాను.

"నాలిక మీద పుండు లేచిందప్పా. వచ్చే వారం కర్నూల్లో కోసేస్తారంట. పుండునే కాదు, నాలికనే."

ఆవిడకు కుర్చీ జరిపాను.

"అల్లేది వేళ్లే కదమ్మా, వీడియో తర్వాతైనా తీయొచ్చు కదా?"

"వేళ్లు సూస్తే ఎవరికీ రాదు. దారం ఎప్పుడు లాగాల, ఎప్పుడు వదలాల, నోటితోనే చెప్పాల. ఆ నోరే పోతాండాది."

పాఠం చెప్పే తన ఇంట్లోనే తీయమంది. మొదటి రోజే కష్టం వచ్చిపడింది. ఆవిడ ఇంటి గోడకు ఆనుకునే నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీ. ఆ మిషన్ల మోతకు ఆ వీధి కోళ్లు కూయడం మానేసి సైగలతో తెల్లవార్చుకుంటాయి. చొక్కాకు తగిలించే చిన్న కాలర్ మైక్ పెట్టాను. అందులో ఆవిడ మాట కన్నా రాయి మాటే ఎక్కువ పడింది. కరెంటు పోతే తీద్దామని కూర్చున్నాం. గాలి వీస్తే పోయే కరెంటు, ఆ వారమంతా మాపై పగబట్టినట్టు రెప్ప వేయలేదు.

చివరికి నేనే ఫ్యాక్టరీ ఓనరు దగ్గరికి వెళ్లాను.

"పెండ్లిళ్లు తీసుకునేటోడివి, నా మిషన్లు ఆపమంటావా? ఎంతసేపు?"

"సుంకులమ్మ మాట్లాడినంతసేపు."

"ఆయమ్మ నోరు తెరిస్తే సందేళదాకా మూయదు గదప్పా!"

ఆపరేషన్ సంగతి చెప్పాను. ఆయన నవ్వు సగంలో ఆగింది. లేచి తనే వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. వీధంతా చెవుడు వచ్చినట్టు నిశ్శబ్దం.

నేను అలవాటు కొద్దీ ఎదురుగా ట్రైపాడ్ వేసి, అంటే కెమెరా నిలబెట్టే ముక్కాలి స్టాండు వేసి, ఆవిడ ముఖానికి క్లోజప్ పెట్టాను.

"ఏమప్పా, నా మొగం తీస్తాండావు? నేనేమన్నా పెండ్లికూతురునా? నా యెనక్కి రా. నేర్చుకునే పిల్ల కండ్లు నా కండ్ల కాడే ఉండాల. ఎదురుంటే దానికి కుడి ఎడమైతాది."

నిజమే. స్టూలెక్కి, నా కొండంత బొజ్జను ఆవిడ భుజం మీద పడకుండా బిగబట్టి, పైనుంచి తీశాను. పక్కన శిష్యురాలు ఖాజాబీ నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది సీదా. ఇది ఉల్టా," అంటూ మొదలుపెట్టింది సుంకులమ్మ. నేరుగా వచ్చే కుట్టు సీదా, తిరగేసి వేసేది ఉల్టా. ఉల్టా దగ్గరికి వచ్చేసరికి పెదవి చివర రక్తం కనిపించింది. కెమెరా ఆపబోయాను. చేత్తోనే వద్దంది. పక్కనున్న చెంబులో ఉమ్మి, సూదులు మళ్లీ పట్టింది.

"కుట్టు జారిందా? ఏడుపు మొగం పెట్టొద్దు. సూది మొన కింద పెట్టి మల్లా ఎక్కించు. జారిన కుట్టు యాడికీ పోదు."

టోపీ పూర్తయ్యేదాకా మాట్లాడింది. ఆఖరి మాటలు ముద్దముద్దగా వచ్చాయి. నేను వెళ్లేటప్పుడు గట్టిగా చెప్పింది: "పాఠం కానిదేదీ పెట్టొద్దు. పిల్లోళ్ల ఫోన్లలో జాగా ఉండదు." చెప్పినట్టే చేశాను. మధ్యలో వేసిన కేకలు, నన్ను తిట్టిన తిట్లు, పాఠం కాని మాటలన్నీ చెరిపేశాను.

వీడియోను ఆవిడ ఫోనులో ముందే వేసిచ్చాను. ఆపరేషన్ తర్వాత, శిష్యురాళ్ల ఫోన్లలోనూ వేసిద్దామని ఆవిడ ఇంటికి వెళ్లాను. సుంకులమ్మ ముక్కుకు గొట్టం ఉంది. దవడ ఒక వైపు లోపలికి పోయింది. ఖాజాబీ చేతిలో కుట్టు జారింది. సుంకులమ్మ ఒళ్లోని ఫోనందుకుని, బొటనవేలితో వీడియోను సరిగ్గా అక్కడికి జరిపింది.

"కుట్టు జారిందా? ఏడుపు మొగం పెట్టొద్దు," అంది ఫోను.

అందరూ నవ్వారు. సుంకులమ్మ భుజాలు కూడా కదిలాయి. ఆ ధైర్యంతోనేమో, ఖాజాబీ అడిగింది.

"అక్కా, నొప్పి శానా ఉండాదా?"

సుంకులమ్మ అలవాటుగా ఫోనందుకుంది. వేలు ముందుకు జరిపింది. "సీదా" అంది ఫోను. వెనక్కి జరిపింది. "దారం వదులు" అంది. ఇంకోసారి జరిపింది, అన్నీ కుట్ల మాటలే. ఆపేసింది. ఫోను బోర్లా పెట్టి, సూదులు తీసుకుంది. గోడ అవతల మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి.

తర్వాత ఎంతోమందికి పాఠాలు తీశాను, వంటలు, ముగ్గులు, కుట్లు. ఎవరు కూర్చున్నా మైక్ తగిలించి, పాఠానికి ముందు కాసేపు వాళ్ల మంచీచెడూ అడుగుతాను. ఒంట్లో ఎలా ఉంది, రాత్రి నిద్ర పట్టిందా అని. అది మైక్ పరీక్ష అనుకుని జవాబు చెబుతారు. ఆ జవాబును మాత్రం చెరపను.