స్లాబు రోజు విస్తరి

మా చిన్నాయన విస్తరి ముందు కూర్చుని మొదటి ముద్ద ఎత్తనిదే మా గుంపులో ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టేవారు కాదు. అది ఎవరో పెట్టిన నియమం కాదు. మాది బేల్దారి పని, అంటే ఇళ్ళు కట్టే పని. ఆయన మా మేస్త్రీ. ఆయన వచ్చి కాళ్ళు చేతులు కడుక్కుని, తలగుడ్డ విప్పి దులిపి, బంతికి మొదట్లో కూర్చునేదాకా వడ్డించిన కూర చల్లారుతూ ఉండేది. ఎవరూ విసుక్కునేవారు కాదు.

నాయన పోయాక నేను చిన్నాయన దగ్గరే పెరిగాను. నా పెళ్ళి కూడా ఆయన గుంపులోని బేల్దారితోనే చేశాడు. అందుకని పుట్టిల్లూ అత్తిల్లూ నాకు రెండూ ఆ గుంపే. ఆళ్ళగడ్డ పక్క పల్లె మాది. డెబ్బైల్లో మాకు పనంటే మిద్దెలే. రాతి గోడలు లేపి, దూలాలు వేసి, దంతెలనే సన్న కొయ్యలు పరిచి, వాటి మీద బండలు పేర్చి, పైన చౌడు మట్టి కప్పేవాళ్ళం. మిద్దె పని తొందర పెట్టేది కాదు. బండలు సగం పేర్చి అన్నానికి దిగవచ్చు. ఎవరైనా చచ్చిపోతే మట్టికి పోయి రెండు రోజుల తర్వాత మళ్ళీ ఎక్కవచ్చు. పని ఎక్కడ వదిలామో అక్కడే మన కోసం కూర్చుని ఉండేది.

మిద్దె పైకప్పు వేసే రోజు ఇంటాయన పొట్టేలు కోయించేవాడు. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పైన పనిచేసేవాళ్ళ మాటలు కూడా మెత్తబడేవి. అందరూ ఒకే బంతి. మొదట్లో చిన్నాయన, ఆయన పక్కన పెద్ద బేల్దారులు, తర్వాత కుర్రవాళ్ళు. మేము ఆడవాళ్ళం వడ్డించి, చివర్లో తినేవాళ్ళం. ఆ కూరలో మాకు మిగిలేది పులుసే అయినా, ఆ పులుసు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

తర్వాత స్లాబులు వచ్చాయి. నంద్యాలలో ముందు వచ్చాయి, ఆళ్ళగడ్డకు కొంచెం ఆలస్యంగా. సిమెంటు, కంకర, ఇసుక, ఇనుప కమ్మీలు. చిన్నాయన ఒక స్లాబు పనిలో కూలికి పోయి చూసి వచ్చి, మాకు నేర్పాడు. ఆయన చెయ్యి మంచిది. గోడ కడితే తూకంగుండు వేసి చూడాల్సిన పని ఉండేది కాదు. అందుకే నంద్యాలలో ఒక బట్టల వ్యాపారి తన ఇంటి స్లాబు మాకు ఇచ్చాడు. కంకర కలిపే జాగా నుంచి నిచ్చెన మీదుగా పైదాకా మేమంతా వరసగా నిలబడి, కలిపిన మాలు నింపిన ఇనుప బాండ్లీలు అందించాం. మధ్యాహ్నం పొట్టేలు కూర. బంతి వేశారు. దిగి తిన్నాం. ఒక్క బీడీ తాగి మళ్ళీ ఎక్కాం. సాయంత్రానికి పూర్తి చేశాం.

మొదటి వానకే ఆ ఇల్లు కారింది. ఎక్కడో మూలన కాదు, నడిమధ్యన, గీత గీసినట్టు. చిన్నాయన పోయి చూసి వచ్చి సిమెంటు మంచిది కాదన్నాడు. ఆళ్ళగడ్డలో మేము వేసిన ఇంకో స్లాబు కూడా అట్లాగే గీత కట్టి కారింది. అప్పుడు ఇసుకలో మట్టి ఉందన్నాడు. మూడో ఇంటివాళ్ళు అడ్వాన్సు ఇచ్చి కూడా వచ్చి వెనక్కి తీసుకుపోయారు. మిద్దెలకైతే పిలుద్దాం గానీ వీళ్ళకు స్లాబు రాదనే మాట సంతలో పడింది. మిద్దెలు కట్టించుకునేవాళ్ళేమో ఏటికేడు తగ్గిపోతున్నారు. గుంపులో కొందరు నంద్యాల మేస్త్రీల కింద చేరారు. మిగిలినవాళ్ళం పత్తి ఏరడానికి పోయాం. పత్తి చేలో వంగి ఉన్నప్పుడు నాకు బాండ్లీ బరువు మీద బెంగ పుట్టేది. నవ్వుకునేదాన్ని, ఇదేం బెంగ అని.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. పెద్దవాళ్ళ బడి అని మా పల్లెలో సాయంత్రాలు పెట్టారు. అప్పటికి నా కూతురు పలక వదిలి పుస్తకంలోకి పోయింది. ఆ పలకే నాకు వచ్చింది. బలపం పట్టుకుంటే నా వేళ్ళు గట్టిగా నొక్కేవి, బలపాలు పుటుక్కున విరిగేవి. ఒకరోజు బస్టాండులో బస్సు నుదుటి మీద "నంద్యాల" అని కనిపించింది. ఎవరినీ అడగకుండా ఎక్కాను. కండక్టరు యాడికి అని అడిగితే, బోర్డు మీద ఉన్న ఊరికే అని చెప్పాను. అతనికేం అర్థమైందో గానీ నాకు మాత్రం బస్సు దిగేదాకా నవ్వు ఆగలేదు.

అట్లా ఉండగా ఎనభైల్లో ఒక వేసవికి ముందు కబురు వచ్చింది. పల్లెల్లో బడిగదులు కట్టిస్తారట. నంద్యాలలో మేస్త్రీలకు కొన్ని రోజులు తరగతులు పెడతారట, పని ఎట్లా నడపాలో చెబుతారట. కొత్తవాళ్ళూ రావచ్చు, పాతవాళ్ళూ రావచ్చు. కూర్చున్నవాళ్ళకే బడిగది పని. చిన్నాయన ముందు నవ్వాడు. తల సున్నంలా తెల్లబడినాక బడేందని అన్నాడు. రెండు రోజులకు మా ఇంటికి వచ్చి, గడప మీద కూర్చుని, నా వైపు చూడకుండా, నువ్వు కూడా వస్తే పోదామన్నాడు. ఆయనకు చదువు రాదు. నా చదువు అప్పటికి కూడబలుక్కునేంతే.

తరగతి స్టేషను దగ్గర ఒక హాలులో. గోడ బోర్డు మీద పాఠం చెప్పేది రిటైరైన ఓవర్సీరు. సన్నగా, పొడుగ్గా, సుద్ద పొడి అంటిన లాల్చీతో ఉండేవాడు. బెంచీల నిండా మగవాళ్ళే. సంజామల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన నన్ను చూసి మా చిన్నాయనను అడిగాడు.

"ఆయమ్మ ఏం చేస్తాదప్పా ఈడ? టీ పోస్తాదా?"

"నా కండ్లు ఆయమ్మ," అన్నాడు చిన్నాయన. "కండ్లు ఇంట్లో పెట్టి రమ్మంటావా?"

ఓవర్సీరు మొదటి రోజే మాకు తలకిందుల లెక్క చెప్పాడు. వాన పడుతుంటే ఈ గదిలో పిల్లలు పొడిగా కూర్చోవాలి, అదీ మీ పని, అన్నాడు. అక్కడ నుంచి వెనక్కి రమ్మన్నాడు. పొడిగా ఉండాలంటే అంతకు ముందు ఏం జరగాలి, దానికి ముందు ఏం జరగాలి. మేము ఎప్పుడూ పునాది నుంచి పైకి ఆలోచించినవాళ్ళం. పై నుంచి పునాదికి దిగుతుంటే, ఏది ఆలస్యమైతే ఏది ఆగిపోతుందో ఒకదాని వెనక ఒకటి కనిపించింది. ఆయన బోర్డు మీద "ముందు" అని, "తర్వాత" అని రాస్తుంటే నేను చిన్నాయన చెవిలో చదివేదాన్ని.

ఇంకొక మాట కూడా చెప్పాడు. పని జాగాలో పనిచేసేవాళ్ళను కాదు, ఊరికే నిలబడినవాళ్ళను చూడండి, ఎవరి కోసం నిలబడ్డారో అడగండి, అన్నాడు. ఆ మాట నన్ను వదలలేదు. ఎన్ని ఏళ్ళు నేను ఖాళీ బాండ్లీతో నిలబడ్డానో, ఎవరి కోసం నిలబడ్డానో అన్నీ గుర్తుకు వచ్చాయి.

స్లాబు గురించి చెప్పే రోజు వచ్చింది. ఒక్కొక్కరిని లేపి, స్లాబు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరేం చేస్తారో చెప్పమన్నాడు. చిన్నాయన లేచాడు. వరసగా, గర్వంగా చెప్పాడు. మధ్యాహ్నం దగ్గరకు వచ్చేసరికి గొంతు ఇంకా పెరిగింది.

"పొట్టేలు కోస్తారు సారూ. మా గుంపులో ఎక్కువ తక్కువ ల్యా. అందరం దిగుతాం, ఒకటే బంతి."

ఓవర్సీరు బోర్డు వైపు తిరిగాడు. బోర్డు మీద స్లాబు బొమ్మ ఉంది. దాని నడుమ సుద్దతో ఒక గీత గీశాడు.

"మీరు దిగినప్పుడు ఇక్కడిదాకా పోశారు. మీరు తినే లోపల ఇది బిగుసుకుంటుంది. తర్వాత పోసింది దీన్ని ఆనుకుంటుంది గానీ దీంతో కలవదు. నీళ్ళు ఇక్కడ దిగుతాయి."

చిన్నాయన ఆ గీతను చూస్తూ నిలబడిపోయాడు. నంద్యాల వ్యాపారి ఇంట్లో చూసిన గీత అదే. ఆళ్ళగడ్డ ఇంట్లో చూసిందీ అదే. పక్కన బెంచీల్లో కూడా ఎవరూ నవ్వలేదు. వాళ్ళకూ గీతలున్నాయేమో.

తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సిరివెళ్ళ దాటాక అన్నాడు.

"సిమెంటును తిట్టినా. ఇసుకను తిట్టినా. కూటికి దిగిన జాగానే కారిందంటే ఎవురు నమ్ముతారు మ్మే?"

బడిగది పని మాకు వచ్చింది, అహోబిలం పోయే దారి నుంచి లోపలికి ఉన్న పల్లెలో. తరగతిలో కూర్చున్నవాళ్ళ పేర్లలో నా పేరూ ఉంది గనుక, పని నడిపే బాధ్యత నాకు ఇస్తానన్నాడు చిన్నాయన. చెయ్యి నాది, నడక నీది అన్నాడు. ఇది కారితే ఇక మాకు స్లాబు లేదని అందరికీ తెలుసు. పత్తి చేలకు పోయినవాళ్ళు ఆ పని కోసం మళ్ళీ వచ్చారు. వాళ్ళ మొహాలు చూస్తే నాకు రాత్రి అన్నం దిగేది కాదు.

ఓవర్సీరు చెప్పినట్టు నేను లెక్కను చివర నుంచి మొదటికి వేసుకుంటూ వచ్చాను. వానలకు ముందే స్లాబు పడాలి. పడ్డాక దాని మీద నీళ్ళు కట్టి ఆరకుండా చూడాలి, అంటే ఆ ఊరి బావిలో నీళ్ళు ఇంకిపోకముందే పడాలి. అందుకని గోడల పని ఇద్దరు బేల్దారులకు కాక నలుగురికి ఇచ్చాం. స్లాబు కింద ఆనించడానికి నల్లమల నుంచి రావలసిన వెదుళ్ళు ముందే తెప్పించాం. ఖాళీగా నిలబడినవాళ్ళు కనిపిస్తే, ఎవరి కోసం అని అడిగేదాన్ని. మొదట్లో అది తిట్టనుకుని మూతి ముడిచారు. తర్వాత వాళ్ళే అరిచి చెప్పడం నేర్చుకున్నారు, ఇసుక రాలేదమ్మో, నిలబడుకోనుండాం అని.

స్లాబు రోజు తిండి సగం సగం మందిగా, పని ఆగకుండా, అని ముందే అందరికీ చెప్పాను. సరే అన్నారు. చెప్పడం మర్చిపోయింది ఊరి పెద్దాయనకు. పొట్టేలు ఆయనదే. తన ఊరికి బడి వస్తోందని సంతోషం ఆయనకు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి స్లాబు సగం దాటింది. కింద వేపచెట్టు నీడలో విస్తళ్ళు వరసగా వేసి పెద్దాయన పిలిచాడు, అందరూ రావాలని, చల్లారితే బాగుండదని. కూర వాసన పైకి వచ్చింది. పారలు ఆగాయి. ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు. సగం మందే అని నేను అరుస్తున్నాను. నా మాట వినిపించనట్టు కాదు, వినలేనట్టు ఉన్నారు. పెద్దాయన పిలిచాక కొందరే కూర్చుంటే ఆయనకు అవమానం. చిన్నాయన కూర్చోకుండా ఎవరు కూర్చున్నా ఈయనకు అవమానం. ఇద్దరి మర్యాదా నిలిపే దారి బంతి ఒక్కటే వాళ్ళకు తెలుసు. నా చేతిలో బాండ్లీ ఉంది, కింద కలిపిన మాలు ఉంది, పైన తడి అంచు ఎండకు రంగు మారుతోంది.

చిన్నాయన స్లాబు మీద నుంచి కిందికి చూశాడు. బంతికి మొదట్లో ఆయన విస్తరి, పక్కన నీళ్ళ చెంబు.

"నా ఇస్తరి తీసేయండప్పా," అన్నాడు. "నేను ఆఖర్న తింటా."

పెద్దాయన మొహం మాడింది. "ఏందప్పా, నా కూడు పనికి రాదా నీకు?"

"పనికొస్తాది కాబట్టే పెద్దాయనా. నా ఆకలి సాయంత్రం దాకా ఆగుతాది. ఇది ఆగదు." కాలి దగ్గర తడి సిమెంటు చూపించాడు. తర్వాత మా వైపు తిరిగాడు. "ఆడోళ్ళు సగం మంది, బేల్దారులు సగం మంది పోయి కుచ్చోండి. బిరబిరా తిని రాండి. నా మొగం చూస్తా నిలబడాకండి."

ఆడవాళ్ళు మొదటి బంతిలో కూర్చోవడం ఆ రోజే నేను చూశాను. మాతో బాండ్లీలు మోసే మా మేనత్త విస్తరి ముందు కూర్చుని ముద్ద కలిపి, ఎత్తలేక, పైకి చూసింది. ఎత్తు, అని పై నుంచి తిట్టాడు ఆయన. పెద్దాయన కాసేపు కోపంగా నిలబడి, తర్వాత కూర గిన్నె తానే పట్టుకుని వడ్డించాడు. బాండ్లీలు ఆగలేదు. తిన్నవాళ్ళు ఎక్కారు, మిగిలినవాళ్ళు దిగారు.

చివరి మూల చదును చేసి చిన్నాయన దిగేసరికి పొద్దు వాలింది. గిన్నెలో గరిట పెట్టి చూసి, మూలగబొక్క ఒక్కటైనా మిగల్చలేదే దొంగనాయాళ్ళు అన్నాడు. అందరూ నవ్వారు. పులుసులో సంగటి ముంచుకుని తిన్నాడు. ఇన్నేళ్ళూ మేము తిన్న పులుసు అది. బాగుందని రెండుసార్లు అన్నాడు.

వాన కోసం అంతగా ఎదురుచూసింది మళ్ళీ ఎప్పుడూ లేదు. ఒక ఉదయం నల్లమల వైపు మబ్బు కమ్మి, కుండపోతగా మొదలైంది. చిన్నాయన గోనెసంచి నెత్తిన కప్పుకుని మా ఇంటి ముందు నిలబడ్డాడు. నేను సద్దిమూట కట్టుకున్నాను. ఆ ఊరి మలుపులో బస్సు దిగి, బురదలో నడిచి బడి చేరాం. బడికి సెలవు, తలుపుకు గొళ్ళెమే ఉంది. లోపల తడి సున్నం వాసన. ఆయన తలెత్తి గది ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిచాడు. సగం దాటిన చోట బెంచీ వేసుకుని ఎక్కి, అరచెయ్యి పైకప్పుకు ఆనించాడు. చాలాసేపు అట్లాగే ఉంచాడు. దిగి, ఆ చెయ్యి నా చెంపకు ఆనించాడు. పొడిగా ఉంది.

అప్పటిదాకా ఆయన ఏమీ తినలేదని నాకు తెలుసు. మూట విప్పి, సంగటీ ఊరిబిండి పచ్చడీ రెండు ఆకుల్లో పెట్టాను. బయట వాన కొడుతూనే ఉంది. అలవాటు కొద్దీ నేను నిలబడి ఆయన కోసం చూస్తున్నాను. ఆయన తలగుడ్డ విప్పి దులిపి, కూర్చోకుండా నన్నే చూస్తున్నాడు.

"ఎవురి కోసరం నిలబడినావ్ మ్మే?" అన్నాడు. "కుచ్చో. నువ్వు ఎత్తు ముందు."