మల్లెపూల కట్టు

మొన్న నానక్‌రామ్‌గూడ నుంచి షేర్ ఆటోలో వస్తుంటే దారి పక్కన పెద్ద బోర్డు కనబడింది. చొక్కా లేని మగమనిషి బొమ్మ, రొమ్ముల మీద గీసిన రెండు సున్నాలు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు కాబట్టి పక్కనున్న పిల్ల చదివి చెప్పింది: ఒళ్ళు తగ్గినా తగ్గని మగవాళ్ళ రొమ్ములకు ఆపరేషనట, పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికి పోవచ్చునట. ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇవాళ, నేను చెబుతాను, నువ్వు రాయి అని కోడలిని కూర్చోబెట్టాను.

హైటెక్ సిటీలో మొదటి అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో మా ఇంటాయన అక్కడి కూలీల మెస్సులో వంట చేసేవాడు. భారీ మనిషి. మేడ పూర్తయితే గార్డులను పెట్టుకుంటారని, నెల జీతమూ యూనిఫారమూ ఇస్తారని తెలిసి ఆశపడ్డాడు. కానీ అందరినీ వరసగా నిలబెట్టి, చొక్కా విప్పించి ఛాతీ కొలుస్తారట. అందుకని రాత్రి అన్నం మానేసి, తెల్లవారకముందే బండల మధ్య నడిచి నడిచి ఆరు నెలల్లో సగమయ్యాడు. పొట్ట పోయింది, బుగ్గలు పోయాయి, రొమ్ములు మాత్రం ఈడొచ్చిన పిల్లకున్నట్టు అట్లాగే మిగిలాయి.

నా కొడుకుకు పాలు మానిపించినప్పుడు మా అమ్మ నా రొమ్ముల మీద మల్లెపూలు పరిచి, పాత చీర పేలికతో బిగించి కట్టింది. మూడు రోజుల్లో పొంగు దిగింది. ఆ వైద్యమే ఈయనకూ చేశాను, నాకు తెలిసింది అంతే మరి. చొక్కా కింద ఆ కట్టుతోనే మెస్సుకు పోతే పొయ్యి వేడికి పూలు గుప్పుమన్నాయి. “ఏందన్నా, ఇయ్యాల పప్పుల మల్లెల వాసనొస్తుంది, వదిన జడ గిట్ల పడ్డదా?” అని కూలీలు ఆట పట్టించారట. వాళ్ళతో పాటే నవ్వి, ఇంటికొచ్చి కట్టు విప్పితే చంకల కింద తోలు లేచిపోయి ఉంది.

దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు రెండు వేళ్ళతో నొక్కి చూసి, ఇది కొవ్వు కాదు, లోపలి గ్రంథి, పస్తులున్నా కట్లు కట్టినా కరగదు, చిన్న కోత పెట్టి తీసేయొచ్చు అన్నాడు. మంచిమాటే చెప్పాడు. చెప్పి, డాక్టరీ చదువుకునే పిల్లలను పది మందిని పిలిచి చుట్టూ నిలబెట్టాడు. మా ఆయన లేచి గుండీలు పెట్టుకున్నాడు. “నేనేమన్న అంగట్ల ఎద్దునా? నడువ్ ఇంటికి” అన్నాడు. ఒక్క పరదా అడ్డం లాగి ఉంటే ఉండిపోయేవాడేమో.

కొలతల రోజున వరసలో నిలబడ్డాడు కూడా. ముందున్నవాడు చొక్కా విప్పగానే వరసలోంచి తప్పుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికే వచ్చాడు. బతికినన్నాళ్ళూ ఆ పొయ్యి దగ్గరే ఉన్నాడు.

ఆయన పోయిన రోజు స్నానం చేయించడానికి మగవాళ్ళు చొక్కా మీద చెయ్యి వేస్తే, విప్పొద్దని అరిచాను. “గిదేం పద్ధతి వదినా?” అన్నాడు మా మరిది. “మీ అన్న పద్ధతి గదే” అన్నాను. చొక్కా మీదుగానే నీళ్ళు పోశారు.

ఇప్పుడు అన్నీ బయటనే చెప్పుకుంటున్నారు, నడిరోడ్డు మీద బొమ్మలు వేస్తున్నారు. నిన్న మళ్ళీ అటు పోయినప్పుడు ఆటో ఆపించి, దిగి ఆ బోర్డును తేరిపార చూశాను. బొమ్మ వేసినవాళ్ళే దాన్ని మెడ దగ్గర కోసేశారు. ముఖం లేదు.