సముద్రాన్ని కొలిచే బావి

మెట్ట పొలాలకు వానను, తీరానికి అలలను ఏర్పాటు చేసి, ఆ రెంటి నడుమ నదులను నడిపించే దేవునికి స్తోత్రం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మా ఇద్దరి పాదాలకు రాయి తగలకుండా కాపాడిన ప్రభువు నామానికి మహిమ కలుగును గాక. పాదాలకు ఏమీ కాలేదు. చెప్పుల సంగతి వేరు, అది తర్వాత చెబుతాను.

నేను గద్వాలలో ఉపదేశిని. ఇటిక్యాల పిల్లవాడు దానియేలు మా బడిలోనే పెరిగాడు. తల్లిదండ్రులు వాని చిన్నతనంలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు కనుక వాని పెళ్ళిమాటలు ఆడవలసిన పెద్దను నేనే. రెండేళ్ళ కింద వానికి బందరు రేవులో ఉద్యోగం దొరికింది. తెలకపల్లి సంఘంలో బావులు తవ్వే ఇస్సాకు కూతురు మార్తమ్మను వానికి అడిగాను. పిల్లకు ఇష్టమే. పిల్లవాడు ఏం పని చేస్తాడని అడిగేదాకా ఇస్సాకుకూ ఇష్టమే.

"సముద్రాన్ని కొలుస్తాడు" అని ఉన్నమాట చెప్పాను.

ఇస్సాకు పేనుతున్న తాడు ఒళ్ళో పెట్టుకున్నాడు. "గట్లయితె నా బిడ్డను ఇయ్యనే ఇయ్య ఉపదేశయ్యా. సముద్రాన్ని కొలిచేటోడు పిచ్చోడన్న అయి ఉండాలె, అబద్ధాలోడన్న అయి ఉండాలె."

"జీతం ఇస్తున్నారయ్యా."

"ఇచ్చేటోళ్ళు గుడ పిచ్చోళ్ళే ఉంటరు. దావీదు రాజు జనాన్ని లెక్కవెడితెనే దేవుడు ఊకోలే. నీళ్ళను దోసిట్ల వట్టి కొలిచేటోడు దేవుడొక్కడే అని నువ్వే గదా ప్రసంగం జెప్పినవ్."

చెప్పాను, నిజమే. అప్పటికే అమ్రాబాదు నుంచి ఇంకొక సంబంధం వచ్చి ఉన్నది. విత్తనాలు పడేలోగా వాళ్ళకు ఏదో ఒక మాట చెప్పాలి. "బందరు పోదాం, నీ కళ్ళతో చూడు" అన్నాను. "చూస్త. నచ్చకుంటె వాపసొచ్చి అమ్రాబాదోళ్ళకే మాటిస్త" అన్నాడు.

తెల్లవారుతుండగా తెలకపల్లిలో బండి ఎక్కాము. ఇస్సాకు బామ్మర్ది కుట్టి ఇచ్చిన కొత్త చెప్పులు తొడుక్కున్నాడు, అడుగు తీసి అడుగు వేస్తే కిర్రుమంటున్నాయి. మార్తమ్మ జొన్నరొట్టెల మూట అందించి తండ్రితో, "నాయినా, నువ్వు పోయేది మనిషిని జూడనీకె. సముద్రాన్ని జూసుకుంట కూసోకు" అన్నది. ఆ మాట నాకు ధైర్యమిచ్చింది.

నాగర్‌కర్నూలులో ఎనిమిది గంటల మోటారు బస్సు తొమ్మిదిన్నరకు కదిలింది. వనపర్తి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. అక్కడ మా సంఘస్థుల ఇంట్లో భోజనం చేసి, బండి కట్టించుకొని వనపర్తి రోడ్డు స్టేషనుకు పోయి, సాయంత్రపు రైలు పట్టుకున్నాము. మీలో ఎవరైనా ఈ దారిన పోతే ఆ స్టేషనులోనే కుండలు నింపుకోండి, ముందు నీళ్ళకు కష్టం.

గద్వాలకు ముందు రైలు కృష్ణ వంతెన ఎక్కింది. ఇస్సాకు కిటికీలోంచి సగం బయటికి వంగాడు.

"ఇవి ఏడికి పోతయి?"

"మనం పోయే చోటికే. బందరు దగ్గరే సముద్రంలో కలుస్తాయి."

"మనకన్న ముందుగాల పోతయా, ఎన్క పోతయా?"

వెనుకే అన్నాను. రైలు నదిని గెలిచిందని ఆయనకు చాలా సంతోషమైంది.

కర్నూలులో మా నిజాం హాలీ సిక్కాలు ఇంగ్లీషు కల్దారు డబ్బులుగా మార్చుకున్నాము. ద్రోణాచలంలో బండి మారాలి. అక్కడ ప్లాట్‌ఫారం మీదే పడుకొని, పొద్దున బెజవాడ బండి ఎక్కాము. నంద్యాలలో ఇడ్లీలు కొన్నాను. ఇస్సాకు ఒకటి వేళ్ళతో నొక్కి చూసి, "దీంట్ల నమిలే పండ్లకు పనే లేదు" అని నాలుగు తిన్నాడు.

మా ఎదుట ఒక నంద్యాల రైతు కూర్చున్నాడు. మా ప్రయాణం ఎందుకో విని చాలాసేపు నవ్వాడు. "మా కరణం నా చేను మూడుసార్లు కొలిచినాడు సామీ, మూడు లెక్కలు వచ్చినాయి. కదలని చేనుకే దిక్కు లేదు, కదిలే సముద్రాన్ని కొలుస్తాడా మీ అల్లుడు?"

"ఇంక అల్లుడు కాలే" అన్నాడు ఇస్సాకు.

నల్లమల సొరంగాలు దాటాక నేను పరిశుద్ధ గ్రంథం తెరిచి పౌలు ఓడ ప్రయాణం చదివి వినిపించాను. చీకటి తుఫానులో ఆ ఓడవాళ్ళు తాడుకు బరువు కట్టి దించి లోతు చూశారు. రెండోసారి దించితే లోతు తగ్గింది, నేల దగ్గర పడిందని తెలిసి ఓడను ఆపుకున్నారు. "చూశావా, వాళ్ళూ కొలిచారు" అన్నాను.

ఇస్సాకు ఆలోచించాడు. "జీతానికి కొలిచిండ్రా?"

"ప్రాణానికి కొలిచారు."

"అది వేరే ముచ్చట" అని కాళ్ళు ముడుచుకొని పడుకున్నాడు. కానీ ఆ భాగం గుంటూరులో ఇంకోసారి చదివించుకున్నాడు.

బెజవాడలో రాత్రి సత్రంలో ఉండి, మరునాడు మధ్యాహ్నానికి బందరు చేరాము. దానియేలు స్టేషనుకు వచ్చి ఇద్దరికీ వంగి దండం పెట్టాడు. "ప్రయాణం బాగా జరిగిందాండి?" అన్నాడు.

ఇస్సాకు నా వైపు తిరిగి, "ఇటిక్యాలోడు గప్పుడే అండి గిండి నేర్చిండు" అన్నాడు. దానియేలు ఎర్రబడి, ఆ తర్వాత మా మాటలోకి దిగాడు.

రేవు ఊరికి దూరం. కాలువ వెంబడి పోయాము. ఒక చోట గట్టు తగ్గి, ఎదుట భూమి అన్నది లేకుండా పోయింది. నేను మోకరించి స్తోత్రం చెల్లించాను. లేచి చూస్తే ఇస్సాకు దోసిట్లో నీళ్ళు పట్టి, నోట పోసుకొని, ఉమ్మేసి, "గిన్ని నీళ్ళు, ఒక్క దోసెడన్న పనికి రాకపాయె" అంటున్నాడు.

దానియేలు పనిచేసేది నీళ్ళలో పాతిన కర్రల మీద కట్టిన చిన్న గదిలో. లోపల గోడకు గడియారం, దాని పక్కన తిరిగే ఇత్తడి డోలు, డోలుకు చుట్టిన కాగితం, కాగితానికి ఆనించిన పెన్సిలు. నేలలో ఒక మూత ఉన్నది. వాడు మూత ఎత్తగానే ఇస్సాకు బోర్లా పడుకొని లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు లేవలేదు.

"ఇది బాయి" అన్నాడు.

"బాయే పెద్దయ్యా" అన్నాడు దానియేలు. "చుట్టు చెక్కలు గొట్టిండ్రు. అడుగున చిన్న బొక్క ఉంది, దాంట్లకెల్లి నీళ్ళొస్తయి. బయట అలలు ఎగిరినా దీంట్ల నీళ్ళు నిలకడగ ఉంటయి. నీళ్ళ మీద తేలే డబ్బా ఉన్నది చూడు, అది లేస్తె తీగె కదులుతది, తీగె కదిలితె పెన్సిలు గీస్తది. రాత్రి పగలు గీస్తనే ఉంటది."

కాగితం మీద గీత కొండ ఎక్కి దిగి మళ్ళీ ఎక్కినట్టు ఉన్నది. సముద్రం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుందని దానియేలు చెప్పాడు. నేను పుస్తకంలో చదివి ఉన్నాను గనుక తల ఊపాను. ఇస్సాకు ఊపలేదు.

"బాయిల నీళ్ళు పెరుగుతయి. ఊట ఉంటది, నేను దినాం చూస్త. సముద్రానికి ఊట ఏడిది? వాన లేక చెరువు పెరుగుతదా?"

"పెరుగుతది పెద్దయ్యా."

"రేపు జూద్దాం."

ఆ సాయంత్రం వాడు మమ్మల్ని పడవలో కొంత దూరం తీసుకుపోయాడు. తాడుకు కట్టిన సీసపు గుండు చూపించాడు. దాని అడుగున గుంటలో కొవ్వు మెత్తి ఉంటుంది, నేలకు తగలగానే అక్కడి మట్టి అంటుకొని వస్తుంది. తెల్లటి పళ్ళెం ఒకటి దించి, అది ఎంత లోతున కనబడకుండా పోతుందో చూసి నీళ్ళ తేట తెలుసుకుంటారు. ఇత్తడి గొట్టంలో పెట్టిన థర్మామీటరు లోపలి వేడిని చెబుతుంది. బకెట్లో నీళ్ళు తోడి గాజుబుడ్డి వదిలితే, అది తేలిన ఎత్తునుబట్టి ఉప్పెంతో తెలుస్తుంది. ఇస్సాకు పడవ అంచులు రెండు చేతులా పట్టుకొని, కొవ్వుకు అంటిన మట్టిని మాత్రం వాసన చూసి, "జిగట. ఈడ బాయి తవ్వితె ఒడ్డు నిలువదు" అన్నాడు. ఆయన తవ్వడానికి వచ్చాడని పడవవాడు అనుకున్నట్టున్నది, "ఇక్కడెందుకు తవ్వుతారండి" అని కంగారుపడ్డాడు.

మరునాడు పొద్దున సముద్రం వెనక్కి పోయి తడి ఇసుక మెరుస్తున్నది. ఇస్సాకు నీటి అంచు నుంచి పైకి నడిచి, ఒక చోట ఆగి, కొత్త చెప్పులు రెండూ విడిచి ఇసుకలో పక్కపక్కన పెట్టాడు.

"నీళ్ళు ఈడిదాక వస్తయా?"

దానియేలు గది నుంచి తెచ్చిన గీతల కాగితం ఒకసారి, చెప్పులు ఒకసారి చూశాడు. "పదకొండు కొట్టే ముందే వస్తయి. తీసెయ్ పెద్దయ్యా, కొత్తవి."

"ఉండనియ్. వస్తె మాట్లాడుకుందం."

గట్టు మీద కూర్చున్నాము. నేను లోలోపల ప్రార్థిస్తున్నాను. సముద్రాన్ని పెంచమని దేవుణ్ణి అడగడం నా జీవితంలో అదే మొదలు. తొమ్మిదికి నీళ్ళు ఇంకా దూరంగానే ఉన్నాయి, ఇస్సాకు ఒక రొట్టె తిన్నాడు. పదికి రొట్టె పక్కన పెట్టాడు. పదిన్నర దాటాక ఒక పల్చటి అల వచ్చి చెప్పులను తాకి పోయింది. ఇస్సాకు లేచి నిలబడి ఆకాశం చూశాడు. మబ్బు లేదు. ఇంకో పెద్ద అల వచ్చింది. ఆయన పరుగెత్తి ఒక చెప్పు పట్టుకున్నాడు. రెండోది తేలుతూ, తిరుగుతూ, తీరిగ్గా లోపలికి పోయింది.

దానియేలు నడుము లోతు దాకా దిగబోతుంటే ఇస్సాకు కేక వేశాడు. "వాపస్ రా. చెప్పు పోతె పోయింది."

నేను నవ్వుతున్నాను. ఇస్సాకు నవ్వడం లేదు. వాణ్ణి చెయ్యి పట్టి ఒడ్డుకు లాగి, "నీ మాట నిజమే. అబద్ధాలోడివి కాదు, పిచ్చోడివి కాదు" అన్నాడు. ఆ పైన నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: "చెప్పును గట్ల గుంజుకపోయింది. పొద్దుగాల లేస్తె ఈ పోరడు దాని మీదనే ఉంటడు. నా బిడ్డ దినాం ఒడ్డున నిలవడి చూడాల్నా?"

దానియేలు విననే విన్నాడు. "నీళ్ళు ఎప్పుడొస్తయో తెల్వనోనికే భయం పెద్దయ్యా. పడవలోళ్ళు మమ్ములనడిగే బయలెల్లుతరు. దేవుడు ఏ యాళ్లకు పంపుతడో అదే రాస్త. ఒక్క దినం తప్పలే" అన్నాడు. ఇస్సాకు మిగిలిన ఒక్క చెప్పు నీళ్ళు దులుపుకుంటూ గట్టు వైపు నడిచాడు.

మరునాటి బండికి తిరిగి బయలుదేరాము. ఒక్క చెప్పును రుమాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. నంద్యాలలో మళ్ళీ నాలుగు ఇడ్లీలు తిన్నాడు. గద్వాలలో మా ఇల్లు దాటిపోతున్నా నేను దిగలేదు. తెలకపల్లిలో మార్తమ్మకు ఏం చెప్పాలో తెలియక నాకు తిండి సయించలేదు.

కృష్ణ వంతెన మీద రైలు నెమ్మదించింది. ఇస్సాకు కిటికీ వైపు జరిగి అన్నాడు.

"నాకు పిల్లనియ్యనీకె మా మామ గుడ గింతే పరేషాన్ అయిండు. బాయిల దిగేటోడు, ఏనాడో పైకి రాడు అన్నడు. ఆఖరుకు ఇచ్చిండు. ఇచ్చినంక ఏం జేసిండో ఎరుకేనా? నేను దిగిన ప్రతి బాయి కాడికి వచ్చి, గట్టు మీద కూసొని, తాడు ఆయనే పట్టుకుంటుండె. సచ్చేదాక పట్టిండు."

రుమాలు విప్పి చెప్పును ఒకసారి తుడిచి, కిటికీలోంచి నదిలోకి విడిచాడు.

"అదెందుకయ్యా?" అన్నాను.

"ఒకటి ఆడ, ఒకటి ఈడ ఉండి ఏం జేస్తయి? ఈ నీళ్ళు ఆడికే పోతయని నువ్వే అంటివి. పోయి కలుసుకోనీ."

తెలకపల్లిలో బండి దిగగానే మార్తమ్మ తండ్రి ఉత్త కాళ్ళు చూసింది. "చెప్పులేవి నాయినా?"

"మీ అత్తగారింటికి ముందుగాల తోలిచ్చిన" అని ఇస్సాకు కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. ఆ పిల్ల నా ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పరుగెత్తింది.

ప్రియ సహోదరులారా, వరిచేల కోతలయ్యాక గద్వాల మందిరంలో పెళ్ళి. ఆ తర్వాత పిల్ల బందరు పోతుంది. ఇంత దూరాన తెలకపల్లి గట్టు మీద కూర్చున్న ఇస్సాకు చేతిలో ఏ తాడూ లేదు, ప్రార్థన ఒక్కటే ఉన్నది. మీరు కూడా మాతో మోకరించి, ఒక కొసన చెయ్యి వేసి పట్టుకోండి: ప్రభువా, నీ సముద్రం మీద పనిచేసే ఈ బిడ్డలను ప్రతి సాయంత్రం క్షేమంగా ఒడ్డుకు చేర్చుము. ఆమేన్.