గట్టు దగ్గర లాగిన స్టీరింగ్

దెయ్యాలను నమ్మే మనిషిని కాను. శ్మశానం పక్కనున్న చేపల చెరువుకు పదేళ్లు ఒంటరిగా కాపలా కాశాను. సరే, పదేళ్లు కాదు, ఒక్క వేసవి. తోడుగా కుక్క కూడా ఉండేది. అయినా నమ్మను.

ఈ సంగతిని కూడా ఊళ్లో పెంచే చెప్పాను. మా పాత అంబాసిడర్ తనంతట తానే కొల్లేరులోకి దిగబోయిందన్నాను. అంత లేదు. జరిగింది చిన్నదే. కానీ జరిగింది.

ఏలూరు నుంచి కైకలూరు దగ్గరి మా చెరువుకు వెళ్లే దారిలో, ఎడమకు కొల్లేటి గట్టు మీదికి ఒక మట్టిబాట చీలుతుంది. అక్కడికి రాగానే మా ఆవిడ సత్యవతి నా చొక్కా చెయ్యి పట్టి లాగేది.

"ఏవండీ, ఒక్క నిమిషం ఆపరూ! గూడబాతులు దిగాయి."

"వచ్చేటప్పుడు చూద్దాంలే."

"మనం తిరిగొచ్చేటప్పటికి ఎప్పుడూ చీకటే కదండీ!"

నవ్వేసేవాణ్ని. ఒక్కసారీ ఆపలేదు. నిరుడు ఆవిడ పోయింది.

తర్వాత మొదటిసారి ఒక్కణ్నే వెళ్తుంటే, ఆ బాట దగ్గర స్టీరింగ్ ఎడమకు లాగింది. గట్టిగా కాదు. చొక్కా చెయ్యి లాగినంత.

ఆపై వెళ్లినప్పుడల్లా అంతే. తాడేపల్లిగూడెంలో పాత కార్లు బాగుచేసే సుబ్బారావుకు చెప్పాను.

"మీ మాటల్లో సగం తీసేస్తే ఎంత మిగులుద్దండీ బాబూ?" అని నవ్వాడు. అయినా టైర్లు అటువి ఇటు మార్చాడు, బ్రేకులు విప్పి చూశాడు. తేడా ఏమీ కనబడలేదు. అక్కడ రోడ్డే ఎడమకు వాలి ఉంటుందన్నాడు.

నిజమేననుకున్నాను. కానీ ఆ సాయంత్రం చెరువు నుంచి తిరిగొస్తుంటే, అదే చోట కుడికి లాగింది. అప్పుడు బాట ఉండేది కుడివైపే. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

భయమేసింది. స్టీరింగ్ నుంచి చక్రాలకు వెళ్లే రాడ్లు, వాటి కీళ్లు మొత్తం మార్చేయమన్నాను.

"వీటికి అరుగుదలే లేదండీ. కారుతో పుట్టిన సరుకు, మళ్లీ దొరకదు. ఉంచుకోండి."

"కొత్తవి వెయ్యవయ్యా!"

వేశాడు. కారు తాడు పట్టినట్టు తిన్నగా నడిచింది. బాట వచ్చింది, వెనక్కి పోయింది. చేతికి ఏమీ తెలియలేదు.

సంతోషించాల్సింది పోయి, మర్నాడే గూడెం పరుగెత్తాను. "పాతవి ఏవి సుబ్బారావూ?"

"పాత ఇనుముకు వేసేశానండీ. మీరేగా వద్దన్నారు?"

తుక్కుకు వచ్చిన అలాంటి కారులోవే ఒక జత వెతికించి బిగించుకున్నాను. అయినా కారు తిన్నగానే నడుస్తోంది.

అప్పుడు ఎందుకు లాగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకు మానేసిందో కూడా తెలియదు. ఆ బాట దగ్గర ఇప్పుడు నేనే స్టీరింగ్ తిప్పుతున్నాను. వెలుతురు ఉండగానే వెళ్తున్నాను. గూడబాతులు దిగుతుంటాయి. ఎన్నున్నాయో పెంచి చెబితే వినడానికి పక్క సీట్లో ఎవరూ లేరు.