ఆరడుగుల ఊరు

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. సోమవారం పొద్దున్న వాళ్లమ్మాయి మా గుమ్మంలో నిలబడి, "అమ్మ నేదు బాబూ" అంది. నిద్రలోనే పోయిందట.

భోగాపురం దగ్గర విమానాశ్రయం కోసం వాళ్ల ఊరు ఖాళీ చేసినప్పుడు పెద్దమ్మ విజయనగరంలో కూతురి దగ్గరికి, మా వీధికి వచ్చింది. ఎవరింటికి వెళ్లినా చేతిలో ఏదో ఒక పని ఉండేది. సాయంత్రమైతే తూర్పుకు తిరిగి, "ఇయ్యేళ గాలి మారినాది" అనేది. మా వీధికి సముద్రపు గాలి ఎక్కడిదని ఎవరూ అడిగేవాళ్లం కాదు.

ఆ ఊరు ఖాళీ కాకముందు నీళ్ల ట్యాంకు ఎక్కి నేనొక ఫొటో తీశాను. అప్పటికి పెద్దమ్మ నాకు తెలియదు. నిరుడు విశాఖపట్నంలో ఒక గ్యాలరీవాళ్లు గోడ మొత్తం ఇస్తాం, ఒకే పెద్ద ప్రింటు పెట్టమన్నారు. ఆ ఫొటోనే తొమ్మిదడుగుల వెడల్పున వేయిద్దామనుకున్నాను. ఎడమ అంచు కాస్త మసగ్గా వచ్చింది. అంత పెద్దది చేస్తే ఆ మసక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని ఆ అంచు కత్తిరించి, చిన్న నమూనా ప్రింటు తీసి మా అరుగు మీద పరుచుకుని చూస్తున్నాను.

పెద్దమ్మ చేటలో చిక్కుడుకాయలు వేసుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఈనెలు తీస్తూ తీస్తూ ఆగి, "ఇది మా ఊరు కాదేటి?" అంది. ఏ ఇల్లు ఎవరిదో చెప్పుకుంటూ ఎడమవైపు చివరికి వచ్చింది.

"మా ఇల్లేదిరా?"

"అక్కడ మసగ్గా ఉంది పెద్దమ్మా. తీసేశాను."

"నాకిప్పుడు అన్నీ మసగ్గానే అగుపడతన్నాయి. అలాగని తీసీమంటానేటి?"

నవ్వుతూనే అంది. మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది.

నేను మాత్రం సైజు మళ్లీ ఆలోచించాను. ఫొటో మొత్తం ఉంచి ఆరడుగులకు తగ్గిస్తే ఆ మసక కంటికి అంతగా అడ్డం రాదు. గోడ నిండదని గ్యాలరీవాళ్లు గొణిగారు. చుట్టూ ఖాళీ ఉంటే ఉండనివ్వమన్నాను. అద్దం బిగించిన చిన్న ఫ్రేము ఒకటి చూపిస్తే పెద్దమ్మ అటూ ఇటూ తల వంచి, "నా మొకవే అగుపడతన్నాది. ఊరేదీ?" అంది. అద్దం మానేసి, మెరుపు లేని మందపాటి కాగితం మీద వేయించాను. ఆమె మెచ్చుకోలేదు. మెచ్చుకోవడం ఆమెకు అలవాటు లేదు. ఆ ప్రింటు బాగుందని తర్వాత ఎవరన్నా నాకు పెద్దమ్మే గుర్తొచ్చేది.

ప్రదర్శన మొదలైన మర్నాడు కూతురితో బస్సెక్కి వచ్చింది. ముట్టుకోకూడదని కూతురు ముందే చెప్పింది. పెద్దమ్మ కాగితానికి కాస్త ఎడంగా వేలు పెట్టి, తన ఇంటి దగ్గర బయల్దేరింది. సందు దాటి, బోరింగు దాటి, సరుగుడు తోట వెంట మెల్లగా నడుస్తూ సముద్రం దాకా వెళ్లింది. అక్కడ వేలు గాలిలోనే ఉంచి, చాలాసేపు నిలబడిపోయింది.