డెట్రాయిట్‌లో ఆ మూడు మెట్లు

మా చిన్నప్పుడు... ఆదివారం డెట్రాయిట్‌లో తెలుగు చర్చి అయ్యాక డాడీ కారు ఫ్రీవే ఎక్కితే ఒట్టు! "ఫ్రీవే మీద పోతే గోడలే కనబడతాయి, ఊరేం కనబడుద్ది?" అంటూ వీధులన్నీ తిప్పి తిప్పి, చివరికి నది కింద టన్నెల్‌లో దూరి ఇవతల కెనడాలోని మా విండ్సర్ ఇంటికి చేర్చేవారు. వెనక సీట్లో నేను ఆకలితో నకనకలాడుతూ...

అలా తిరిగే ఆ ఊరు నాకు తెలిసింది. గ్రీక్‌టౌన్‌లో కాల్చిన మాంసం వాసన, మెక్సికన్‌టౌన్‌లో గోడల నిండా బొమ్మలు. ఇండియన్ విలేజ్ అని ఒక పేట, అన్నీ జమీందార్ల ఇళ్లలా ఉండేవి. మనవాళ్లు ఇంత బాగా బతుకుతున్నారా అనుకున్నా... ఒక్క ఇండియనూ కనబడలేదు! అక్కడికి కాస్త దూరంలోనే వీధులకి వీధుల్లో ఇళ్లు మాయమైపోయి గడ్డి మాత్రం ఉండేది. జనం వదిలేసి పోయిన ఇళ్లని పడగొట్టేశారని డాడీ చెప్పేవారు.

అప్పుడే విండ్సర్‌కి ఇండియా నుంచి స్టూడెంట్స్ వెల్లువలా వచ్చారు. మా వీధిలో బేస్‌మెంట్ ఖాళీగా ఉన్న ఇల్లు లేదు. మా బేస్‌మెంట్‌లోకి పాలకొల్లు నుంచి కరుణక్క దిగింది. నాకు తెలుగు రాయడం నేర్పింది ఆ అక్కే... ఈ పోస్టులో తప్పులుంటే మాత్రం నావే.

అక్కకి అమెరికా వీసా లేదు. నది ఒడ్డున నిలబడితే డెట్రాయిట్ ఎదురుగానే ఉంటుంది, వెళ్లడానికి లేదు. అందుకని ఆదివారం నేను రాగానే లాంగ్ నోట్‌బుక్ ముందు పెట్టి, "ఇవాళ ఏయే వీధులు చూశావో రాయమ్మా" అనేది. రాస్తే ఎర్ర పెన్నుతో దిద్దేది. ఒత్తులన్నీ ఎర్రబడిపోయేవి.

హోంవర్క్ అనుకున్నా. కాదని తర్వాత తెలిసింది.

కరుణక్కకి స్వర్ణ అని ఒక అక్క ఉంది. ఇంట్లో కాదన్న పెళ్లి చేసుకుని డెట్రాయిట్ వెళ్లిపోయింది. వాళ్ల నాన్న ఆ పేరే ఎత్తనిచ్చేవారు కాదట. ఒక్క ఉత్తరం వచ్చింది, ఆ తర్వాత ఆరేళ్లు ఉలుకూ పలుకూ లేదు. మిగిలిందల్లా కవరు మీది అడ్రస్. మ్యాప్‌లో కొడితే ఎప్పుడో తీసిన ఫోటో వచ్చేది... మూడు మెట్లు, తెల్ల తలుపు, కిటికీకి ఆకుపచ్చ కర్టెన్. పాలకొల్లులో వాళ్లమ్మ ఆ కూతురి కోసం ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన చేసేది.

"ఆ వీధికి ఒక్కసారి తీసుకెళ్లమని మీ డాడీని అడుగుతావా? ఎందుకో మాత్రం చెప్పకు" అంది అక్క. కళ్ల నిండా నీళ్లు.

కొత్త వీధి అంటే డాడీకి చెప్పాలా!

వెళ్లాం. నెంబర్లు చూసుకుంటూ వచ్చా... ఆ నెంబరు దగ్గర ఇల్లు లేదు. మూడు మెట్లున్నాయి. ఎక్కితే ఎక్కడికీ వెళ్లని మెట్లు. వాటి వెనక మోకాలెత్తు గడ్డి. "కాలిపోయుంటది, లేకపోతే పడగొట్టేసుంటారు" అని డాడీ కారు పోనిచ్చారు.

ఇంటికొచ్చేసరికి అక్క సైడ్ డోర్ దగ్గరే నిలబడి ఉంది. అన్నం కూడా తినలేదు. ఆ ముఖం చూశాక నిజం చెప్పాలనిపించలేదు. నోట్‌బుక్ తీసి రాశా... 'ఇల్లు ఉంది. ఆకుపచ్చ కర్టెన్ ఉంది. ఒక ఆంటీ పూలకుండీలకి నీళ్లు పోస్తోంది. నన్ను చూసి నవ్వింది.'

నాకప్పుడు పదకొండేళ్లు.

ఆ పేజీలో సగం తప్పులే. అక్క ఒక్కటీ దిద్దలేదు. అక్కడికక్కడే ఫోన్ చేసి వాళ్లమ్మకి చదివి వినిపించింది. అవతల నుంచి ఏడుస్తూనే "స్తోత్రం తండ్రీ, స్తోత్రం" అంటున్న గొంతు నాకూ వినబడింది.

తర్వాతి ఆదివారం వాళ్లమ్మ పాలకొల్లు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. నా బిడ్డ బతికుంది, పూలమొక్కలు పెంచుకుంటోంది, దేవుడు చూపించాడు అని. అక్క ఆ వీడియో నాకు చూపించింది. సంఘమంతా చప్పట్లు కొడుతోంది. మర్నాటికి నాకు జ్వరం. అప్పుడైనా చెప్పాల్సింది... చెప్పలేదు. అక్క ఆ అడ్రస్‌కి క్రిస్మస్ కార్డులు పంపుతూనే ఉంది. జవాబు రాకపోతే "ఇంకా కోపం పోలేదేమోలే" అనుకునేది.

నాలుగేళ్లకి అక్కకి విజిటర్ వీసా వచ్చింది. ఆ ఆదివారమే మా కారెక్కింది. "ఇదే కదూ గ్రీక్‌టౌన్? నువ్వు రాశావు" అని అక్క మురిసిపోతుంటే నేను ఇంకెన్ని వీధులున్నాయో లెక్కపెట్టుకుంటున్నా. చివరికి ఆ వీధి రానే వచ్చింది. "అంకుల్, ఒక్క నిమిషం ఆపండి" అంది.

దిగింది. ఒక్కో మెట్టూ ఎక్కింది. మూడో మెట్టు మీద, తలుపు ఉండాల్సిన చోట, తట్టబోయినట్టు చెయ్యెత్తింది. కాసేపటికి దించేసింది.

వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఏడుస్తున్నా. "అక్కా, నేను..." అనబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మ సాక్ష్యం చెప్పేసింది కదే... ఇల్లుంది. నువ్వు రాసినట్టే ఉంది."

తిట్టి ఉన్నా బావుండేది.

కరుణక్క ఇప్పుడు కాల్గరీలో ఉంది. స్వర్ణక్క ఏమైందో ఈరోజుకీ తెలీదు. వాళ్లమ్మ శుక్రవారాలు ఉపవాసం మానేసింది, కృతజ్ఞతా ప్రార్థన చేస్తుందట.

డాడీ ఇప్పుడు ఫ్రీవే మీదే వస్తున్నారు. ఆ మెట్లు కూడా తీసేశారు, మ్యాప్‌లో ఫోటో మారింది... ఇప్పుడక్కడ ఉత్త గడ్డి. నేనే డ్రైవ్ చేస్తే మాత్రం ఆ వీధిలోకి తిప్పకుండా ఉండలేను. తిప్పిన ప్రతిసారీ నేను రాసిన ఆ ఆంటీ ఆ గడ్డిలో నిలబడి నీళ్లు పోస్తూనే ఉంటుంది... నవ్వడం మాత్రం మానేసింది.

మీలో ఎవరైనా చిన్నప్పుడు ప్రేమకొద్దీ ఇలాంటి అబద్ధం ఆడి ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు.