డబ్బా రేకూ మూడు కొండలూ

మా మేనకోడలు సాధించిన మొదటి ఘనకార్యం, తుప్పుతో బిగిసిపోయిన సీటు గొట్టాన్ని సైకిలు ఫ్రేములోంచి బయటికి లాగడం. అప్పటికి అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ఇనుప ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఇరుక్కుంది. వీధిలోని ముగ్గురు మెకానిక్కులు చూసి, కోసెయ్యాల్సిందే అన్నారు. తను మాత్రం సైకిలును నా పని షెడ్డుకు తోసుకొచ్చి, తలకిందులు చేసి, సీటు గొట్టాన్ని నా బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, గొట్టంలో ఐసు ముక్కలు కూరింది. చల్లబడితే అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువ ముడుచుకుంటుందని బళ్ళో చెప్పారట. రోజూ ఐసు కూరడం, ఫ్రేమునే పిడిలా పట్టుకుని తిప్పడం. నాలుగో రోజు అది కుక్కపిల్ల అరిచినట్టు అరిచి ఊడొచ్చింది. మా చెల్లెలు, అంటే దాని తల్లి, చేతులకు లేచిన బొబ్బలు చూసి ఏడ్చింది. నేను ఆ పిల్లకు సన్నటి కొలతలు తీసే నా రెండో వెర్నియరు బహుమతిగా ఇచ్చాను.

నేను చదివింది మా ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా. ఆ తర్వాత ముప్పయ్యెనిమిదేళ్ళు, ఇనుమును తిప్పుతూ కోసే లేతు మిషను మీద పనిచేశాను. నేను తిప్పిన ఇరుసులు నూలు మిల్లుల్లో, పిండి మరల్లో, రెండు పడవల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఒక్కటి కూడా బాగులేదని నా దగ్గరికి తిరిగి రాలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. చెప్పుకోలేని వాళ్ళ గురించే ఇదంతా రాయాల్సి వస్తోంది.

అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే పనిలో కుదిరింది. చేరి ఇరవై ఏళ్ళు దాటింది. వెంట్రుకలో సగం తేడా ఉన్నా వేలితో పట్టేస్తుంది. తోటివాళ్ళు తనను మిల్లీమీటరమ్మ అంటారు. ఆ పేరు విని పొంగిపోయింది నేను, తను కాదు. పందొమ్మిదేళ్ళప్పుడు రాళ్ళ క్వారీ వెనక ఏటవాలు దారిలో కాలు కింద పెట్టకుండా పైకి ఎక్కింది. ముప్పై రెండేళ్ళప్పుడు వానలో వంతెన కొట్టుకుపోతే, సైకిలు భుజాన వేసుకుని వాగు దాటి, మధ్యాహ్నం పనికి టైముకు హాజరైంది. ఇప్పుడు తనకు నలభై రెండు. కొండ సైకిలు తొక్కని ఆదివారం ఉంటే నాకు చెప్పండి.

నాలుగేళ్ళ కిందట పాతది వదిలి కొత్త సైకిలు కొనుక్కుంది. గొడవంతా అక్కడ మొదలైంది.

ఆ సైకిలును తయారుచేసిన పెద్దల తెలివిని నాలుగు మాటల్లో చెప్పాలి. పెడళ్ళ ఇరుసు తిరిగే బేరింగులను వెనకటి రోజుల్లో స్క్రూలా మర తిప్పి ఫ్రేములో బిగించేవాళ్ళు. వదులైతే బిగించుకోవచ్చు, అరిగితే విప్పుకోవచ్చు. మర కోయడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుందని వీళ్ళు మర మానేసి, బేరింగు కూర్చునే గిన్నెను ఫ్రేము రంధ్రంలోకి సుత్తితో కూరడం మొదలుపెట్టారు. పైగా అదో కొత్త విద్య అని పేరు పెట్టారు. వెనక చక్రం ఇరుసును ఆరు మిల్లీమీటర్లు వెడల్పు చేశారు. ఆ ఆరు మిల్లీమీటర్లతో ఊళ్ళో మంచి చక్రాలన్నీ పాతసామానుకు పోయాయి. బ్రేకు గొట్టాలను హ్యాండిలు బేరింగు నడుమ నుంచి లోపలికి దూర్చారు, చూడ్డానికి నున్నగా ఉంటుందని. ఇప్పుడు ఆ బేరింగు మార్చాలంటే బ్రేకులు విప్పి, నూనె కార్చి, మళ్ళీ నింపాలి. చొక్కా గుండీ కుట్టడానికి చర్మం ఒలుచుకున్నట్టు! గేరు మార్చడానికి బ్యాటరీ, దానికో ఛార్జరు. పైన పటారం, లోన లొటారం.

ఇక ఆ సైకిలు అమ్మిన షాపు. ఊరికంతటికీ కంపెనీ గుర్తింపు ఉన్న షాపు అదొక్కటే. లోపల కాఫీ మిషను ఉంది, తోలు సోఫా ఉంది, కూల్‌డ్రింకుల ఫ్రిజ్జు ఉంది. బిగుతు కొలిచే స్పానరు మాత్రం నేను వెళ్ళిన ప్రతిసారీ "ఎవరో తీసుకెళ్ళారండీ". యజమానికి నేను పెట్టిన పేరు కాఫీ దొర.

రెండో నెలలోనే సైకిలు కిర్రుమనడం మొదలుపెట్టింది. మా చెల్లెలు నవ్వింది.

"బెల్లు కొనక్కర్లేదులేవే. నువ్వు సందు మొదట్లో ఉండగానే ఇక్కడ నేను స్టవ్వు వెలిగిస్తున్నా."

అమ్మాయి షాపుకు తీసుకెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. కాఫీ దొర సైకిలును చూడకుండానే రోగం చెప్పాడు.

"శబ్దం సీటు దగ్గర్నుంచి మేడం."

"లేచి నిలబడి తొక్కినప్పుడు వస్తోందండీ. అప్పుడు సీటు మీద ఎవరున్నారు?"

"అయితే మీ బూట్లు."

"విప్పి తొక్కి చూపించమంటారా?"

"మేడం, ఇంత మంచి సైకిళ్ళకి కాస్త క్యారెక్టర్ ఉంటుందండీ. అలవాటైపోతుంది."

"బాబూ," అన్నాను నేను, "నా లేతు కిర్రుమంటే నేను దానికి క్యారెక్టర్ ఉందనను. నాకు పని రాదంటాను."

ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి విన్నాం. వీడు మద్దెల కొన్నవాళ్ళ చెవులదే తప్పన్నాడు. చివరికి సైకిలు ఉంచుకుని, మూడు రోజుల తర్వాత 'సర్వీసు చేయబడినది' అని చీటీ కట్టి ఇచ్చాడు. శబ్దం పోయింది. నెల తర్వాత మళ్ళీ వచ్చింది. ఇలా మూడేళ్ళలో ఐదుసార్లు.

మా వైపు కొండల్లో ఏటా నవంబరులో ఒక సైకిలు సవారీ జరుగుతుంది. మూడు కొండల వరసలు, ఎనిమిది రోజులు, నాలుగు వందల కిలోమీటర్లు. దానికి రెండు కచ్చితమైన నియమాలున్నాయి. సైకిలు సరిగా ఉందని గుర్తింపు ఉన్న షాపు సంతకం చేసిన చీటీ తేవాలి. రెండోది, వరసగా రెండుసార్లు మధ్యలో దిగిపోయిన వాళ్ళకు ఐదేళ్ళు చోటివ్వరు. పోయినేడు అమ్మాయి మొదటిసారి పేరిచ్చింది. వారం ముందు ఆ షాపులోనే సర్వీసు చేయించి సంతకం పుచ్చుకుంది. మూడో రోజు, రెండో కొండ దిగుతుండగా పెడళ్ళ ఇరుసు ఊగింది, గొలుసు ఊడింది, బేరింగు గిన్నె సగం బయటికి వచ్చేసింది. పందొమ్మిది కిలోమీటర్లు సైకిలును తోసుకుంటూ మజిలీ చేరేసరికి గడువు దాటిపోయింది, మధ్యలో దిగిపోయినట్టే రాసుకున్నారు.

ఈ ఏడు కూడా దిగిపోతే ఐదేళ్ళు ఆగాలి. అప్పటికి నలభై ఏడు. మా చెల్లెలు "పోనీవే, ఇంక చాలు" అంది. అమ్మాయి గొలుసుకు నూనె వేస్తూనే ఉంది. చేతిలో పని ఆపకపోతే వినడం లేదని అర్థం. అది మా వంశం వరస.

కాఫీ దొర దగ్గరికి మళ్ళీ వెళితే, "ఆ మోడలు కంపెనీ ఆపేసిందండీ. కొత్త ఫ్రేము చూపిస్తాను, రండి" అన్నాడు. నాలుగేళ్ళకే ముసలిదైపోయిందట! నా లేతుకు యాభై రెండేళ్ళు. ఇంకా చక్రవర్తిలా తిరుగుతోంది.

సైకిలును నా షెడ్డుకే తెచ్చింది. చెక్క సుత్తితో, ఇత్తడి గొట్టంతో మెల్లగా కొట్టి గిన్నెలు బయటికి దించింది. ఎడమ గిన్నెతో పాటు ఏదో మెరుస్తూ నేల మీద పడింది. తీసి చూస్తే వేలెడు వెడల్పున్న రేకు ముక్క. దాని మీద నారింజ రంగు అక్షరాలు. తుడిచి చదివాం. షాపు ఫ్రిజ్జులో వరసగా నిలబెట్టిన కూల్‌డ్రింకు డబ్బాది!

అదీ సంగతి. రంధ్రం పెద్దదై గిన్నె వదులైతే, ఆ ప్రబుద్ధులు తాగి పారేసిన డబ్బాను కత్తెరతో కోసి, గిన్నె చుట్టూ చుట్టి, లోపలికి దిగ్గొట్టారు. గిన్నె వంకరగా కూర్చుంది. నెల రోజులు నోరు మూసుకుంది. ఆ తర్వాత కొండ మీద ప్రాణం మీదికి తెచ్చింది. నేను పెద్దగా తిట్టాను. ఇక్కడ రాయదగ్గ తిట్లు కావవి.

అమ్మాయి తిట్టలేదు. నేనిచ్చిన వెర్నియరు తీసింది.

"నలభై ఒక్క మిల్లీమీటర్లు ఉండాలి మామయ్యా. నిలువునా నలభై ఒకటీ పావు ఉంది. అడ్డంగా చూస్తే సరిగ్గా ఉంది. గుండ్రం కాదిది, గుడ్డు."

"షాపువాడు అరగ్గొట్టాడా?"

"కొంత వాడు. కుడి ఎడమ రంధ్రాలు ఒక గీతలో లేవు చూడు. అది కంపెనీవాడి పుణ్యం."

తర్వాత జరిగిన పని మా ఇద్దరికే చేతనవును. రెండు రంధ్రాల గుండా ఒకేసారి దూరే ఉక్కు కడ్డీ ఒకటి నేను లేతు మీద తిప్పి ఇచ్చాను. అద్దాలు అరగదీసే పొడిని నూనెలో కలిపి ఆ కడ్డీకి పూసి, పని దిగాక పదకొండు సాయంత్రాలు అమ్మాయి చేత్తోనే తిప్పింది. పది తిప్పులు తిప్పడం, తుడవడం, కొలవడం. కంపెనీ వాళ్ళు నిమిషంలో పాడుచేసింది బాగుచేయడానికి పదకొండు సాయంత్రాలు! చివరికి రెండు రంధ్రాలూ గుండ్రంగా, ఒకే గీతలోకి వచ్చాయి.

గిన్నెలు నేను కొత్తవి చేశాను. రెండూ ఫ్రేము నడుమ ఒకదానిలో ఒకటి మరతో బిగుసుకునేలా. అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి గనక ఎటూ జారవు. మొదటి జత కంపెనీ కాగితంలో రాసిన కొలతకు తిప్పి గర్వంగా చేతిలో పెట్టాను. అమ్మాయి కొలిచి బల్ల మీద పెట్టేసింది.

"ఇది కాగితానికి సరిపోతుంది మామయ్యా. నా సైకిలుకి సరిపోదు."

"ఎంత తేడానే?"

"పావు మిల్లీమీటరు. డబ్బా రేకు చుట్టనా?"

ముప్పయ్యెనిమిదేళ్ళలో నా పనిని వెనక్కిచ్చిన మొదటి మనిషి మా చెల్లెలి కూతురే. నా షెడ్డు దాటి పోలేదు గనక ఆ జతను లెక్కలో వేయను. రెండో జత తిప్పాను. అది బొటనవేలి బలానికి దిగి, నిక్కచ్చిగా కూర్చుంది. క్వారీ మెట్ల మీద నాలుగుసార్లు దూకించింది. చప్పుడు లేదు. మా చెల్లెలు ఆ రోజు గుమ్మంలోకి వచ్చే దాకా కూతుర్ని గమనించక ఉలిక్కిపడింది.

"అమ్మో, చెప్పాపెట్టకుండా వచ్చేశావేంటే!"

ఇక మిగిలింది సంతకం. చీటీలు ఇవ్వడానికి ఆఖరి తేదీ నవంబరు పది. తొమ్మిదిన షాపుకు వెళ్ళాం. సోఫాలో ఇద్దరు ముగ్గురు కాఫీ తాగుతున్నారు. కాఫీ దొర వంగి గిన్నెలు చూశాడు, పెదవి విరిచాడు.

"ఇది కంపెనీ పార్టు కాదు మేడం. నేను సంతకం పెట్టలేను. రూల్సండీ. రేపు కొండ మీద ఏమైనా అయితే మా షాపుకి చెడ్డపేరు."

మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడమంటే ఇదే. నేను నోరు తెరవబోయాను. అమ్మాయి నా మోచెయ్యి నొక్కింది. ఫ్రిజ్జు తలుపు తీసి ఒక డబ్బా తెచ్చి కౌంటరు మీద నిలబెట్టింది. దాని పక్కనే జేబులోంచి రేకు ముక్క తీసి పెట్టింది. నారింజ అక్షరాలు అతికినట్టు కలిశాయి.

"ఇది నా సైకిల్లో దొరికిందండీ. ఏ కంపెనీ పార్టు?"

కాఫీ దొరకు తేలు కుట్టింది. దొంగ గనక అరవలేకపోయాడు.

"అది... షిమ్ము మేడం. సందు పూడ్చడానికి, టెంపరరీగా..."

"దీని మీద పోయినేడు సంతకం పెట్టారు. అప్పుడు రూల్స్ సెలవులో ఉన్నాయా?"

సోఫాలోంచి ఒకాయన లేచాడు. ఆ వారమే కొత్త సైకిలు కొన్నవాడట.

"ఏవండీ, నా దాంట్లో కూడా ఈ డ్రింకేనా, లేక వేరే ఫ్లేవరా?"

కాఫీ దొర గబగబా పెన్ను తీశాడు. సంతకం గీసి చీటీ ముందుకు తోశాడు.

"తేదీ వేయండి," అంది అమ్మాయి. "ముద్ర కూడా."

వేశాడు. రేకు ముక్కను మళ్ళీ జేబులో పెట్టుకుంది. డబ్బాను తీసుకెళ్ళి ఫ్రిజ్జులో ఉన్నచోటే పెట్టింది.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. పదకొండో తేదీ పొద్దున్నే కాఫీ దొర నా షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో మూతపెట్టిన కాఫీ గ్లాసు.

"పెద్దాయనా, ఆ గిన్నెలు ఓ రెండు డజన్లు చేసిపెట్టాలండీ. ఈ కంప్లయింటు చాలామందికుంది."

"నాలుగేళ్ళుగా లేదన్నావుగా?"

"అంటే... కంపెనీ అలా చెప్పమంటుందండీ."

"నా లేతు మీద డజన్లు తిరగవు. ఒక్కో ఫ్రేముది ఒక్కో వంకర. సైకిళ్ళవాళ్ళనే పంపు. మా అమ్మాయి వచ్చాక కొలుస్తుంది, నేను చేస్తాను. కాఫీ తీసుకెళ్ళు, చల్లారిపోతుంది."

పన్నెండున, శనివారం తెల్లవారగానే సవారీ మొదలైంది. మా చెల్లెలు "ఫోను చెయ్యవే" అని పదిసార్లు చెప్పింది. నేను ఒక్కటే చెప్పాను: విరిగితే నా పేరు చెప్పు, విరగకపోతే నీ పేరు చెప్పుకో.

నిన్న, సోమవారం సాయంత్రం మూడో మజిలీ నుంచి ఫోను వచ్చింది. రెండో కొండ దిగేసిందట. పోయినేడు తోసుకుంటూ నడిచిన ఆ పందొమ్మిది కిలోమీటర్లూ ఈసారి తొక్కుకుంటూ దాటిందట. గడువుకు ఇంకా రెండు గంటలుందట.

"ఏమైనా చప్పుడొస్తోందా?" అని అడిగాను.

"వస్తోంది మామయ్యా. నా మోకాలు. దానికి కంపెనీ పార్టు దొరుకుతుందేమో కనుక్కో."

ఇంకా ఒక కొండ వరస, ఐదు రోజుల దారి మిగిలాయి. షెడ్డులో ఇప్పటికే మూడు సైకిళ్ళు గోడకు ఆనించి ఉన్నాయి. వాటిలో ఒకటి ఆ సోఫా ఆయనది. కొలతలు తనే తీయాలి గనక ఎవరికీ ముందుగా మాటివ్వలేదు. అడిగినవాళ్ళందరికీ తను తిరిగొచ్చే తేదీ తలుపు మీద సుద్దముక్కతో రాసి పెట్టాను: నవంబరు పందొమ్మిది, శనివారం, సాయంత్రం ఐదు లోపు.